తుబ్లీ షెడ్డులో గుమ్మడి వడియాలు

ఆగస్టు 1, శుక్రవారం

గుమ్మడి వడియాలకు బూజు పట్టింది. ఇది వరసగా మూడో ఏడు. సూర్యప్రభ పళ్లెం తెచ్చి నా ముందు పెట్టి, "ఏమండీ, అంతంత షెడ్డుకి గాలీ తేమా చూసే మనిషి ఇంట్లో ఉండి కూడా..." అని ఆపింది. వాక్యం పూర్తి చేయలేదు. పూర్తి చేసి ఉంటే జవాబు చెప్పేవాణ్ణి.

ఇక్కడ బహ్రెయిన్‌లో, జింజ్‌లో మా బిల్డింగ్ చూసుకునే నాతూర్, మిద్దె మీద ఏమీ ఆరబెట్టకూడదని అరబిక్‌లోనూ మలయాళంలోనూ కాగితం అంటించాడు. ఇక మిగిలింది బాల్కనీ. ఉదయం ఏడింటికి బాల్కనీలో మీటరు పెట్టి చూశాను. తేమ 81 శాతం. ఎండ ఉంటుంది, ఏదీ ఆరదు. సముద్రం మధ్య దీవి.

"మా డ్రై రూమ్‌లో అయితే పద్దెనిమిది గంటలు చాలు" అన్నాను. తుబ్లీలో దీపాల కింద ఆకుకూరలు పెంచే మా షెడ్డులో, కోసిన ఆకు ఎండబెట్టే గది అది.

అనకుండా ఉండాల్సిందని రాయబోయాను. అది అబద్ధం. అన్నందుకు సంతోషంగానే ఉంది.

ఆగస్టు 3, ఆదివారం

డ్యూటీ లాగ్‌లో రాసింది: డ్రై రూమ్, ఉష్ణోగ్రత 22, తేమ 45. అంతా సవ్యం.

ఇక్కడ రాసేది: మధ్యాహ్నం రెండూ పదికి ఆ గదిలోకి నాలుగు కిలోల తడి వడియాలు చేరాయి. రెండు స్టీలు పళ్లేలు. సామాన్ల బండి మీద పెట్టి, పైన ఫిల్టర్ల అట్టపెట్టె బోర్లించి తోసుకెళ్లాను. ఈ నెలల్లో పన్నెండు నుంచి నాలుగు దాకా ఎండలో బయట పని నిషేధం కాబట్టి లోడింగ్ వైపు ఎవరూ ఉండరు. గదిలో కెమెరా లేదు. ఎండిన ఆకును ఎవరు ఎత్తుకుపోతారని పెట్టలేదు. వెలుతురు తగిలితే ఆకు రంగు పోతుందని లైటు కూడా గుడ్డిదే. బేసిల్ అనే సీమ తులసి ఆకు ఆరబోసిన జల్లెడల వెనక, ఆఖరి అరలో పెట్టి వచ్చాను. మూడు నిమిషాలు పట్టింది.

లెక్క: నాలుగు కిలోలు ఎండితే కిలోన్నర. గాలిలోకి వచ్చే నీళ్లు రెండున్నర లీటర్లు. మొక్కలకు పోసిన నీళ్లన్నీ దాదాపు ఆకుల్లోంచి గాలిలోకే వస్తాయి. ఆ గాలిలోంచి షెడ్డు మొత్తం మీద రోజుకు మూడు వేల లీటర్లు లాగి బయటికి పంపిస్తున్నాను. పంపకపోతే మూడో రోజుకు ఆరు హాళ్లలో ఆరు రంగుల బూజు. మూడు వేలలో రెండున్నర లెక్కలోకి రాదు.

ఆగస్టు 4, సోమవారం

ఎండాయి. పద్దెనిమిది కాదు, పదహారు గంటలు.

రెండు వైపులా సమంగా ఎండాయి. ఇంట్లో ఎప్పుడూ అడుగు పచ్చిగా ఉండి గుడ్డకు అంటుకునేది. ఆ గదిలో ఫ్యాన్లు నాలుగు మూలల నుంచీ గాలి కొట్టేలా అమర్చింది నేనే. సూర్యప్రభకు కాగితం మీద బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి చూపించాను. బొమ్మ చూడలేదు. ఒక వడియం వేయించుకుని తిని, "ఇంకో కాయ తెప్పించనా?" అంది.

ఆగస్టు 5, మంగళవారం

తలుపు సెన్సర్ రికార్డు చూశాను. ఆదివారం డ్రై రూమ్ రెండుసార్లు తెరుచుకుంది. 2:10కి మూడు నిమిషాలు. అది నేను. సాయంత్రం 6:40కి ఆరు నిమిషాలు. అది నేను కాదు.

ఆ గది పని వెంకటిది. జగిత్యాల దగ్గర పల్లె. బహ్రెయిన్‌లో తొమ్మిదేళ్లుగా ఉన్నా, ఇంటికి ఫోన్ చేస్తే "దుబాయిలనే ఉన్న" అంటాడు. పిలిచి అడిగాను.

"ఆదివారం సాయంత్రం ఆరున్నర దాటాక తలుపు తీశావా?"

"తీసిన సార్."

"ఎందుకు? జల్లెడలు చూడ్డానికా?"

"జల్లెడలు సూడనీకే."

"ఆరు నిమిషాలా?"

"జల్లెడలు సూసేటంత సేపు సార్."

మొహంలో ఏమీ కనపడలేదు. అవసరం లేకుండా తీయకు, తేమ పెరుగుతుంది అని చెప్పాను. ఇలాంటివి మొదట్లోనే చెప్పాలి. క్రమశిక్షణ లేకపోతే ఈ గదులు నిలవవు.

"మీరు వద్దంటే తీయ సార్" అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి తిరిగాడు. "మరి ఎండుతయా సార్?"

"ఏవి?"

"ఆకులు సార్."

ఆగస్టు 8, శుక్రవారం

లక్ష్మిప్రసన్న గారింట్లో వరలక్ష్మీ వ్రతం. సూర్యప్రభ వడియాలు వేయించి పట్టుకెళ్లింది. నేను కారులో కూర్చున్నాను. వచ్చేటప్పుడు ఆమె చేతిలో పసుపు కుంకుమలతో పాటు ఒక జాబితా ఉంది.

లక్ష్మిప్రసన్నవి సగ్గుబియ్యం వడియాలు. ఉజ్వలవి మినప వడియాలు. రచనవి చల్ల మిరపకాయలు, రెండు కిలోలు.

"ఏ రచన?"

"మీ మేనేజరు రవికాంత్ గారి భార్య."

బండి పక్కకు ఆపాను. "ఆవిడకు ఏం చెప్పావు?"

"మావారి ఆఫీసులో ఎండబెడతారని చెప్పాను. ఆవిడ ఆయన ఆఫీసు ఎప్పుడైనా చూసి చచ్చిందా? కంప్యూటర్లుంటాయి, ఏసీ గాలికి పెడతారు అనుకుంటోంది."

"వద్దనాల్సింది."

"ఎలా అంటానండీ? ఆవిడ మొగుడి గదే కదా అది."

ఇందులో తర్కం ఉంది. హమద్ టౌన్ నుంచి కూడా ఇద్దరు అడిగారట. వాళ్లకు మాత్రం నిక్కచ్చిగా చెప్పిందట, వచ్చే నెల అని.

ఆగస్టు 10, ఆదివారం

పదకొండు కిలోలు. తొమ్మిది పళ్లేలు. రెండు విడతలు. బండి చక్రం కిర్రుమంటే నూనె వేశాను.

ఈ ఒక్కసారే.

ఆగస్టు 11, సోమవారం

డ్రై రూమ్‌లో తేమ నిన్న సాయంత్రం నుంచే ఎక్కుతోందట. నేను నాలుగింటికే ఇంటికి వెళ్లాను. పొద్దున వచ్చేసరికి 58.

యాభై అయిదు దాటితే రవికాంత్ ఫోన్ మోగుతుంది. నాకంటే ముందే వచ్చి కారిడార్‌లో నిలబడి ఉన్నాడు. ఒక మోటారు ఆగి ఉంటుంది, అయిదు నిమిషాల్లో చూసి చెప్తానని ఆయన్ను కంట్రోల్ రూమ్‌కి పంపి, తొమ్మిది పళ్లేలూ పంపుల గదిలోకి చేర్చాను. జీవితంలో ఇంత వేగంగా పని చేయలేదు. ఆయన తిరిగి వచ్చి గదిలో ముక్కు ఎగబీల్చాడు.

"సోమేశ్వరరావు గారూ, ఏదో వాసనండీ. డ్రైనేజీ లాగా."

అది వాళ్లింటి మజ్జిగ. "నీళ్ల పైపు కడిగిస్తాను" అన్నాను.

లెక్క మళ్లీ చూశాను. ఆ గది యంత్రం రోజుకు ముప్పై లీటర్లే లాగుతుంది. వంద కిలోల బేసిల్ ఎండటానికి నాలుగు రోజులు, దానికే రోజుకు ఇరవై రెండు పోతాయి. మిగిలేది ఎనిమిది. నేను పెట్టినవాటి నుంచి ఏడు లీటర్లు, అదీ మొదటి కొన్ని గంటల్లోనే వచ్చిపడింది. మూడో తేదీన నేను మూడు వేలతో భాగించాను. అది షెడ్డంతటికీ సంబంధించిన అంకె. ముప్పైతో భాగించాలి. ఏ అంకెతో భాగించాలో అప్పుడూ తెలుసు. ఇంజనీరును కదా.

ఆగస్టు 13, బుధవారం

బేసిల్ నల్లబడింది. వంద కిలోల పచ్చి ఆకు, ఎండితే పన్నెండు కిలోలు. మొత్తం పారబోశారు. హోటల్ ఆర్డరు తప్పింది. ఓనరు ఫోన్ చేసి రవికాంత్‌ను ఒకే ప్రశ్న అడిగాడట: ఎవరు?

రవికాంత్ తలుపు రికార్డు ముందేసుకుని కూర్చున్నాడు. పదో తేదీ సాయంత్రం 6:40కి ఇరవై ఆరు నిమిషాలు తెరిచి ఉంది. నా రాకపోకలూ అందులోనే ఉన్నాయి, కానీ నేను వాతావరణం చూసేవాణ్ణి, నేను లోపలికి వెళ్తే ఎవరూ అడగరు.

"వెంకటేనండీ. కారిడార్ గాలి అంతా లోపలికి పోయింది. జనవరిలో ఒక వార్నింగ్ ఉంది. ఇది రెండోది. రెండుంటే సెలవు ఆగిపోతుంది, రూల్. మీరు టెక్నికల్ రిపోర్టు ఒకటి రాసివ్వండి."

వెంకటి సెలవు ఇరవై ఒకటిన. రెండేళ్లకు ఒకసారి వచ్చే నలభై అయిదు రోజులు. కూతురు మల్లికకు కరీంనగర్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. చేరడానికి ఆఖరు తేదీ ఇరవై అయిదు. బాండు మీద తండ్రి సంతకం కావాలట. జూన్ నుంచి షెడ్డులో ఎవరు కనపడితే వాళ్లకు చెప్తున్నాడు, "నేనే తోలుకపోయి దించుత" అని. నాకు నాలుగుసార్లు చెప్పాడు.

ఆగస్టు 14, గురువారం

రిపోర్టు రాశాను. ఏడు వాక్యాలు. ఏడూ నిజాలు. తలుపు ఎప్పుడు తెరుచుకుంది, ఎంతసేపు, ఆ వేళ డ్యూటీ ఎవరిది, తేమ ఎంతకు పెరిగింది, యంత్రం సరిగానే పనిచేస్తోంది, వగైరా. ఒక్క విశేషణం లేదు. వెంకటి తప్పు చేశాడని ఎక్కడా రాయలేదు. చదివినవాళ్లు అలా అనుకుంటే అది వాళ్ల ఇష్టం.

ఇంకా ఇవ్వలేదు.

ఆగస్టు 15, శుక్రవారం

మిరపకాయలు ఎప్పుడొస్తాయని రచన అడిగిందట. గదిలో పని నడుస్తోందని చెప్పమన్నాను. నడుస్తోంది, నిజమే. మిరపకాయలు పంపుల గదిలో మోటారు వేడికి ఎండుతున్నాయి.

ఆగస్టు 16, శనివారం

అన్నం తినబుద్ధి కాలేదు. సూర్యప్రభ వడియాలు వేయించబోతే వద్దన్నాను. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

ఆగస్టు 17, ఆదివారం

ఎనిమిదింటికి ఇచ్చాను. పదింటికి వెంకటికి వార్నింగ్ ఇచ్చారు. పదకొండింటికి సెలవు రద్దు.

మధ్యాహ్నం డ్రై రూమ్‌కి వెళ్లాను. జల్లెడలు కడుగుతున్నాడు. తల ఎత్తలేదు. తలుపు ఇరవై ఆరు నిమిషాలు ఎందుకు తీశావని అడిగాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగానో నాకే తెలియదు. ఆయన తప్పు ఒకటైనా దొరుకుతుందేమోనని కావచ్చు.

"రెండు చేతులు ఖాళీ లేకుండె సార్. కాలుతోని ఆపిన తలుపు."

"చేతుల్లో ఏముంది?"

"మీ పళ్లెం."

ఆయన కడుగుతూనే ఉన్నాడు.

"ఒక్క దిక్కే ఎండితె అడుగు పచ్చిగుంటది సార్. లోపట లైటు సాలదు, విరుగుతయి. అందుకే తలుపు కాడికి తెచ్చి ఒక్కొక్కటి తిప్పిన. మొదటిసారి రెండు పళ్లేలు, అల్కగ అయింది. మొన్న తొమ్మిది తెస్తిరి."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటి దినమే. ఫిల్టర్ల డబ్బల ఇంగువ వాసన ఏడికెల్లి వస్తది సార్?"

"మరి నేను అడిగితే జల్లెడలు అన్నావు."

"మీరే అన్నరు జల్లెడలని. సరే, సార్‌కు గట్ల ఇష్టమున్నదనుకున్న."

"రవికాంత్ గారికి ఎందుకు చెప్పలేదు?"

"తలుపు తీసినవా అన్నడు. తీసిన అన్న. ఇంకేం అడగలే." జల్లెడ దులిపి గోడకు ఆనించాడు. "మీ కాగితం నాకు సదివి వినిపిచ్చిండు సార్. మంచిగ రాసిండ్రు. ఒక్క అబద్దం లేదు."

వెటకారమా కాదా అని చాలాసేపు చూశాను. ఆ మొహంలో అప్పుడూ ఏమీ కనపడలేదు.

"తిన్నావా?" అని అడిగాను. ఎందుకో.

"విరిగినయి తిన్న. కావాలని ఇరగ్గొట్టలే."

తర్వాత రాసింది: ఇల్లు చేరాక ఫ్యాన్ల బొమ్మ గీసిన కాగితం చించేశాను.

ఆగస్టు 18, సోమవారం

రెండో రిపోర్టు. పదహారు వాక్యాలు. మొదటిదానిలోని ఏడూ అలాగే ఉంచి తొమ్మిది చేర్చాను. మూడో తేదీన నాలుగు కిలోలు, పదో తేదీన పదకొండు. పెట్టింది నేను. వెంకటి తలుపు తీసింది వాటిని తిప్పడానికి. మూడు వేలు, ముప్పై తేడా. ఏ పళ్లెం ఎవరిది.

రచన పేరు రాయాలా వద్దా అని అరగంట ఆలోచించాను. రాస్తే బెదిరింపు అవుతుందా? వాస్తవం బెదిరింపు ఎలా అవుతుంది? రాశాను. మొదట్లో కాకుండా పదకొండో వాక్యంగా పెట్టాను. అక్కడికి వచ్చేసరికి ఆయన కుర్చీలో కూర్చుని ఉంటాడని.

నిలబడే చదవడం మొదలుపెట్టాడు.

"వడియాలా?"

"గుమ్మడి."

"సోమేశ్వరరావు గారూ, పన్నెండేళ్ల సర్వీసండీ మీది. వడియాలా?"

"సగ్గుబియ్యానివి కూడా."

తొమ్మిదో వాక్యం దగ్గర కూర్చున్నాడు. పదకొండు దగ్గర లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు.

"ఇది అవసరమా?"

"వాస్తవం."

"అవసరమా అని అడిగాను."

"రెండు కిలోలు. తీసేస్తే పదకొండు లెక్క కుదరదు."

నా ముందే ఫోన్ చేశాడు. "రచనా, మిరపకాయలు ఎవరికిచ్చావ్?" అన్నాడు. ఆ తర్వాత రెండు నిమిషాలు వింటూనే ఉన్నాడు. ఫోన్ పెట్టేసి, "నన్నే తిడుతోంది, ఇంకా ఎండలేదా అని" అన్నాడు.

కిటికీ వైపు తిరిగి కొంతసేపు నిలబడ్డాడు. నవ్వుతున్నాడని అనుకున్నాను. ఇటు తిరిగినప్పుడు నవ్వు లేదు.

"వెంకటి వార్నింగ్ ఇప్పుడే తీసేస్తాను. పదకొండో వాక్యం తీసేసి ఇవ్వండి, లెక్క నేను కుదుర్చుకుంటాను. కానీ పన్నెండు కిలోలు పోయాయండీ. ఓనర్‌కి ఒక పేరు ఇవ్వాలి."

"నాది ఇవ్వండి."

"ఇస్తాను. వార్నింగ్ కూడా ఇస్తాను. ఇంకో మాట. వెంకటి సెలవు రద్దయిందని అతని బదులు రావాల్సిన మనిషిని నిన్ననే వేరే సైటుకి పంపేశాం. ఈ నలభై అయిదు రోజులూ డ్రై రూమ్ డ్యూటీ ఎవరు చేస్తారు?"

నేను సీలింగ్ చూశాను.

"మీరే. మీ పని కాక."

ఆగస్టు 19, మంగళవారం

సూర్యప్రభకు చెప్పాను. మొత్తం విని, "వెంకటి అన్నయ్య ఎన్ని తిప్పాడో పాపం" అంది. వార్నింగ్ గురించి ఒక్క మాట అడగలేదు.

ఆగస్టు 20, బుధవారం

వెంకటి పని అప్పగించాడు. నేను తేమ మీటరు తీస్తే చేత్తో పక్కకు నెట్టాడు.

"గా మీటరెందుకు సార్? కాడ విరువుండ్రి. టప్పుమంటె ఎండినట్టు. వంగితె ఇంకా దినం పడ్తది."

విరిచాను. వంగింది. మీటరు చూశాను. దాని ప్రకారం ఎండింది.

"ఎవరి మాట వింటరు సార్?" అన్నాడు.

ఇక్కడా అంతకు ముందూ కలిపి ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నన్ను ఇలా అడిగినవాడు లేడు. ఇంకా ఒక రోజు ఉంచాను.

సాయంత్రం ఎలాగైనా ఒక మాట చెప్పాలని, "వెంకటీ, ఆ కాగితం విషయం..." అన్నాను.

"ఖలాస్ సార్" అన్నాడు. ఏప్రన్ విప్పి నా చేతిలో పెట్టాడు. "సైజు సరిపోతదా?"

సరిపోలేదు. పొట్ట దగ్గర ముడి పడటం లేదు.

ఆగస్టు 21, గురువారం

ఎయిర్‌పోర్టుకు నా కారులోనే దించాను. దారి పొడవునా భార్య ముత్తెమ్మతో ఫోన్‌లోనే ఉన్నాడు. "అగో, మా ఆఫీసరే తోలుకొస్తున్నడు. ఆఁ, కార్ల. ఎందుకంటె నాకేం ఎర్క? పనేం లేకుండె కావచ్చు."

సంచి దించుకుని, చెయ్యి ఊపి లోపలికి పోయాడు. వెనక్కి చూడలేదు. ఫ్లైట్ పదిహేను నిమిషాలు ఆలస్యంగా ఎగిరింది. ఎగిరేదాకా పార్కింగ్‌లోనే ఉన్నాను. ఏసీ వేసుకుని.

ఆగస్టు 23, శనివారం

డ్రై రూమ్ డ్యూటీ. కాళ్లు.

ఆగస్టు 25, సోమవారం

పొద్దున తొమ్మిదింటికి రవికాంత్ డ్రై రూమ్‌కి వచ్చాడు. ఫ్యాన్లు చూశాడు, గోడలు చూశాడు, బల్ల మీద ఒక స్టీలు డబ్బా పెట్టి వెళ్లిపోయాడు. మూత తీశాను. మజ్జిగలో నానిన మిరపకాయలు, కిలో ఉంటాయి.

ఇవాళ గదిలో బేసిల్ సగమే ఉంది. ముప్పైలో పదకొండు పోతే పంతొమ్మిది. ఈసారి భాగించాల్సిన అంకెతోనే భాగించాను. మేనేజరు స్వయంగా తెచ్చి ఇచ్చినది వస్తువు కాదు, ఆదేశం. పళ్లెంలో పరిచి ఆఖరి అరలో పెట్టాను. లాగ్‌లో దాన్ని రాసే గడి ఏదీ లేదు.

పదకొండున్నరకు వెంకటి ఫోన్. కరీంనగర్‌లో అప్పుడు మధ్యాహ్నం రెండు. వెనక మైకులో ఎవరివో పేర్లు పిలుస్తున్నారు.

"సంతకం పెట్టిన సార్! మూడు కాగితాల మీద మూడు. హాస్టల్ల మంచం సుత సూసిన. కిటికీ పక్కపొంటి ఇచ్చిండ్రు."

మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఆ గొంతు తొమ్మిదేళ్లలో ఎప్పుడూ వినలేదు. ఫోన్ ఎవరో లాక్కున్నారు.

"నమస్తే సార్. మల్లికను. బాపు డ్యూటీ మీరే చేస్తున్నరట గదా?"

"అవునమ్మా."

"మంచిగ చేస్తున్నరా సార్? బాపు ఒకటే ఫికర్ పడుతుండు."

"నేర్చుకుంటున్నాను."

అటు పక్క నవ్వులు. ముత్తెమ్మ కూడా ఉన్నట్టుంది. మళ్లీ వెంకటి తీసుకున్నాడు. గొంతు మామూలుగా మారింది, షెడ్డులో ఉన్నప్పటిలా.

"సార్, రూంల ఎంతుంది?"

"నలభై అయిదు" అన్నాను.

మైకులో ఇంకో పేరు పిలిచారు. ఇంకోటి పిలిచారు.

"సార్."

"నలభై తొమ్మిది" అన్నాను.